పుట్టకొక్కును కొట్టేసిన ఎర్రగీత

ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చినయి, చిట్టీల కంపెనీలు పుట్టగొడుగుల్లా వెలిసినయి. ఈ మాట ఎన్నిసార్లు రాసినమో మాకే లెక్కలేదు. రాసినప్పుడల్లా ఒక్కసారన్నా ఆగి ఆలోచించలేదు. పుట్టగొడుగు ఎక్కడబడితే అక్కడ మొలుస్తదా? అడవికి పోయి ఏరుకొచ్చే అవ్వలను అడిగితే నవ్వుతరు. పోయినేడు దొరికిన పుట్ట కాడికే ఈయేడు మళ్ల గంప పట్టుకొని పోతరు. అదీ కోడి కూయంగనే పోతరు. ఆ జాగ పక్కింటామెకు తెలువొద్దు కదా!

మా దిక్కు దాన్ని పుట్టకొక్కు అంటం. బడిలో వానకాలం మీద వ్యాసం రాయమంటే ఈ మాటే రాసినం. సారు ఎర్రసిరాతో కొట్టేసి ‘పుట్టగొడుగు’ అని దిద్దిండు. నలుగురి ముందట చదివి నవ్విండు కూడా. పుట్టగొడుగు చెడ్డమాటని మేము అనడం లేదు. అది కూడా చూసి పెట్టిన పేరే, ముచ్చటైన పేరే. కానీ ఒకటి ఒప్పు కావాలంటే రెండోది తప్పు కావాలన్న ఆ లెక్క ఎక్కడిది? ఆ ఎర్రగీత మా నోట్‌బుక్కు మీద కాదు, మా అవ్వ నోటి మీద పడ్డది.

ఇంతకూ ఆ పేరులో ఎంత ఎరుక ఉన్నదో చూడండి. పుట్ట పెట్టేది చీమలని చిన్నప్పుడు చదువుకున్నం. పెట్టేది చెదలు. ఎండుటాకు, కట్టె నమిలి తెచ్చి, పుట్ట లోపల తేనెతుట్టె తీరు అరలు కట్టి, వాటి మీద బూజు పెంచుతయి. కట్టెలోని గట్టిదనాన్ని ఆ బూజు అరిగించిపెడితే చెదలు తింటయి. మనిషి నాగలి పట్టకముందే, దాదాపు 3 కోట్ల ఏండ్ల నుంచి నడుస్తున్న ఎవుసం ఇది. వానలు పడ్డంక ఆ బూజే పొడుగాటి వేరులాంటి కాడతో మన్ను చీల్చుకొని పైకి వస్తది. అదే మనం కూర వండుకునే పుట్టకొక్కు. 1942లో రోజే ఎయిమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టిండు. అంటే చెదల పుట్టగొడుగు. ఆయన సూక్ష్మదర్శినిలో చూసి పెట్టిన పేరుకు, మా అవ్వ గంప నెత్తిన పెట్టుకొని పిలిచిన పేరుకు తేడా ఎంత? ఒకటి పరిశోధన అయింది, ఇంకొకటి యాస అయింది.

తినరాని వాటికి కుక్కగొడుగులని వేరే పేరున్నది. తమిళంలో నాయ్‌కుడై, కన్నడంలో నాయికొడె అంటే అర్థం కుక్కగొడుగే. పేరు వేరు చేసుడంటే ఊరికే కాదు, పానం కాపాడుకునుడు. వాన పడ్డంక గడ్డిలో తెల్లగ, అచ్చం తినేదాని లెక్కనే మొలిచే విషపుది ఒకటుంటది. దాని గొడుగు కింది నుంచి రాలే పొడి పచ్చగుంటది. తిన్నోళ్లకు వాంతులు, విరేచనాలు ఆగవు. అట్లని పెద్దలు చెప్పిందంతా నిజమని మేము అనం. వెండి ఉంగరం నల్లబడకుంటే తినొచ్చు, ఎల్లిపాయ రంగు మారకుంటే తినొచ్చు అన్నది ఉత్తముచ్చట. దాన్ని నమ్మి వండుకుంటే దవాఖానే గతి. ఉరుముకు పుడతదన్నది కూడా నమ్మకమే. కానీ ఏ పుట్ట, ఏ కాడ, ఏ వాసన అని ఏండ్లకేండ్లు చూసి నేర్చుకున్నది మాత్రం నమ్మకం కాదు, చదువే.

ఆ చదువు ఇప్పుడు ఎవరికి అందుతున్నది? పట్నంలో మష్రూమ్ అంటే ప్లాస్టిక్ డబ్బాలోని తెల్ల గుండీలే. వాటిని షెడ్డులో ఎరువు మీద పెంచుతరు. పుట్టకొక్కును మాత్రం అంగడికి సరిపోయేటంత పండించుడు మనిషి చేతకాలేదు. చెదలుండాలె, పుట్ట ఉండాలె. శ్రావణంలో నాగుల పంచమికి పాలు పోసే పుట్ట గనుక ఎవలూ ముట్టకపోతుండిరి. ఇప్పుడు ప్లాట్లు చేసే జేసీబీకి పంచమి తెలువది. చెదలంటే మందు కొట్టవలసిన పురుగని మాత్రమే తెలుసు.

భాష కోసం, యాస కోసం కొట్లాడినోళ్లం మనం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సోపతి, బువ్వ, అంగి అని సభల్లో గర్వంగా పలికినం. వంటింటి మాటలు, అడవి మాటలు మాత్రం సభదాకా రాలేదు. వాటిని పలికేటోళ్లు సభలకు రాలేదు గనుక.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. బడి పుస్తకంలో పుట్టగొడుగు బొమ్మ కింద ఆ పేరు అట్లనే ఉండనీయండి. దాని పక్కన ఒక ఖాళీ గీత గీసి, ‘మీ ఊర్లో దీన్ని ఏమంటారు? ఇంట్లో పెద్దోళ్లను అడిగి రాయండి’ అని అచ్చేయండి. పిల్లలు ఏం రాసుకొచ్చినా సార్లు ఎర్రపెన్ను జేబులోనే పెట్టుకోవాలె.