బోన్సాయ్‌ని పారేయొద్దు, బతికించుకుందాం

మన హాస్టల్ గ్రంథాలయంలో బీరువా పక్కనున్న మర్రి బోన్సాయ్ ఆకులు రాలుస్తోంది. దాన్ని తీసేసి ప్లాస్టిక్ మొక్క పెడితే ఏ బాధా ఉండదని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించలేం. ఆ చెట్టు ఇంకా చావలేదు.

చెట్టు బతికుందో లేదో తెలుసుకోవడం తేలిక. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో ఎండి ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. అప్పుడు ఇంకా కిందకు వచ్చి కాండం దగ్గర చూడాలి. మన చెట్టు కాండం పచ్చగానే ఉంది.

నీళ్ళు చాలకే వాడిపోతోందని చాలామంది అనుకుంటారు. గదుల్లో పెంచే బోన్సాయ్‌లను తరచుగా చంపేది ఎక్కువైన నీళ్ళే. వచ్చేపోయేవాళ్ళంతా జాలిపడి తలా ఒక గ్లాసు పోస్తారు. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేర్లకు గాలి ఆడదు, అవి కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందుకే తడిలో ఉన్నా ఆకులు వాడతాయి. అది చూసి మళ్ళీ నీళ్ళు పోస్తారు, పైగా ఎరువు వేస్తారు.

జబ్బు తెలియకుండా మందు వేయకూడదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించారు. అక్కడ శత్రువు చెద పురుగు. ఇక్కడ శత్రువులు బురద, చీకటి. రెండూ మర్రి చెట్లే అయినా వైద్యం ఒకటి కాదు.

మన చెట్టును కుండీలోంచి మెల్లగా తీసి, నల్లగా మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించాలి. ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, కొద్దిగా మట్టి కలిపి మళ్ళీ నాటాలి. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకూడదు. తూర్పు కిటికీ దగ్గర వెలుతురు బాగా తగిలేలా ఉంచాలి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే నీళ్ళు పోయాలి. కొత్త చిగురు వచ్చేవరకు ఎరువు వేయరాదు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ఇంత శ్రమ ఒక చిన్న చెట్టుకెందుకని అడగవచ్చు. జపాన్‌లోని హిరోషిమాలో యమాకి కుటుంబం తరతరాలుగా పెంచిన పైన్ బోన్సాయ్ ఒకటి ఉంది. అది 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945లో అణుబాంబు పడినా బతికింది. 1976లో అమెరికాకు కానుకగా వెళ్ళి, ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఉంది. చేతులు మారుతున్నా సంరక్షణ ఆగలేదు కాబట్టే అది నిలిచింది.

హాస్టల్లో మనం ఏటా మారుతుంటాం. పదో తరగతి వాళ్ళు వెళ్ళిపోతారు, కొత్త తమ్ముళ్ళు వస్తారు. అందరి చెట్టు అంటే ఎవరి చెట్టూ కాకుండా పోతుంది. కాబట్టి నెలకు ఒక్కరి పేరు నోటీసు బోర్డు మీద రాద్దాం. ఆ నెల నీళ్ళ మగ్గు వాళ్ళ చేతిలోనే ఉండాలి. వెళ్ళిపోయే అన్నలు తొమ్మిదో తరగతి వాళ్ళకు పని నేర్పి మరీ వెళ్ళాలి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు దండలు, శాలువాలు తేనక్కర్లేదు. ఒక సంచి ముతక ఇసుక తెస్తే చాలు.