ఒక మార్కు సోదరులు

నా తరం పాఠకులకి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి బాగానే తెలుసు. సత్యజిత్ రాయ్ తాతగారనీ, 'గూపీ గాయిన్' కథ ఆయనదనీ తెలుసు. కాస్త లోతుకి వెళ్లినవాళ్లకి ఇంకొంచెం తెలుసు: పిల్లల కోసం రాసిన రామాయణంలో బొమ్మలు పాడుగా అచ్చయ్యాయని విసిగి, ఇంగ్లండ్ నుంచి సామాను తెప్పించుకుని తనే బ్లాకులు చేశాడు. హాఫ్‌టోన్ మీద ఆయన వ్యాసాల్ని లండన్‌లో 'పెన్రోస్' వార్షిక అచ్చేసింది. గొప్పవాడు, అనుమానం లేదు.

మరి ఇనుగుర్తి తెలుసా?

కాజీపేట లైన్లో కేసముద్రం దగ్గరి ఊరు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, మనోళ్ల మాటల్లో మానుకోట. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు 1922లో అక్కడినుంచే 'తెనుగు' వారపత్రిక మొదలుపెట్టారు. రాసింది వాళ్లే, అక్షరాలు కూర్చింది వాళ్లే, అచ్చేసింది వాళ్లే. ఒత్తులకీ గుణింతాలకీ వేరువేరు సీసపు ముక్కలు ఏరి పేర్చాల్సిన లిపి మనది. ఒక్క పేజీకి ఎంత చాకిరీయో ఊహించుకోండి.

పైగా అది నిజాం రాజ్యం. అంతకుముందు ఏడాదే, 1921 నవంబర్‌లో, హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అలాంటి కాలంలో, పట్నంలో కాదు, పల్లెలో తెలుగు ప్రెస్సు!

ఇప్పుడు వాళ్లెక్కడున్నారంటే గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్లో. 'తెనుగు పత్రిక ఎక్కడినుంచి వెలువడింది?' ఆప్షన్ బి. ఒక్క మార్కు. ఉద్యోగం కోసం చదివే పిల్లల్ని నేనేమీ అనను, వాళ్లకి కనీసం పేరన్నా తెలుసు. నా గొడవ సాహిత్యం చదువుతామని చెప్పుకునే మనతోనే.

మనం రాసినప్పుడు మాత్రం ఏం రాస్తున్నాం? 'బహుముఖ ప్రజ్ఞాశాలురు' అని మొదలుపెట్టి, ఎన్ని భాషలొచ్చో, ఎన్ని విద్యలొచ్చో జాబితా వేసి దండం పెట్టేస్తాం. వాళ్ల 'రుద్రమదేవి' నవల బాగుందా, తేలిపోయిందా అని ఒక్క వాక్యం ఉండదు. పుస్తకం చదవకుండా పొగడటం నాకు మర్యాదలా అనిపించదు, తప్పించుకోవడంలా అనిపిస్తుంది. చదివి, ఈ అధ్యాయం విసుగు పుట్టించింది అని తిట్టండి, ఆ అన్నదమ్ములకి అదే ఎక్కువ గౌరవం.

'రాయ్‌తో పోలికేంటి, ఆయనది పిల్లల సాహిత్యం, కలకత్తా' అని ఒక మిత్రుడన్నాడు. స్థాయి గురించి వాదించను, వాదించాలంటే ముందు రెండో పక్షం పుస్తకాలు చేతిలో ఉండాలి కదా! నేనడిగేది వేరే. ఉపేంద్రకిశోర్ 1913లో మొదలుపెట్టిన 'సందేశ్'ని కొడుకు సుకుమార్ నడిపాడు, ఆగిపోతే 1961లో మనవడు మళ్లీ తెచ్చాడు. బెంగాల్లో ఆయన్ని బతికించింది విగ్రహాలు కాదు, మళ్లీ మళ్లీ అచ్చేయడం.

మనకి ఆ మనవడు లేడు, సరే. మనలో సగంమంది కోడ్ రాసి బతికేవాళ్లమేగా. పాత తెలుగు పేజీని ఫొటో తీసి, ఓసీఆర్‌లో పెట్టి, తప్పులు దిద్ది యూనికోడ్‌లోకి తేవడానికి సీసమూ అక్కర్లేదు, సిరా అక్కర్లేదు. ఒత్తుల దగ్గర మెషిన్ తడబడుతుంది, అక్కడ మనిషి కళ్లు కావాలి. శని, ఆదివారాలు పదిమంది కూర్చుంటే 'రుద్రమదేవి'తో మొదలుపెట్టొచ్చు. ఇంటి అటకమీద 'తెనుగు' పాత సంచికలున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, చెదలు పట్టకముందే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి.