ముద్ర యొకరిది, దండన యొకరికి

వరంగల్లు నుండి హైదరాబాదునకు కారులో బోవువాడు కోమళ్ల, గూడూరు టోలు గేట్లను దాటవలెను. 2021 ఫిబ్రవరి 15 మొదలు ఫాస్టాగు లేని వాహనమునకును, ఉండియు నది పనిచేయని వాహనమునకును రెండింతల రుసుము విధింపబడినది. 2025 నవంబరు 15న అమలైన సవరణ యూపీఐ మార్గమున చెల్లించువారికి దానిని ఒకటింపావు వంతునకు తగ్గించి, రొక్కమునకు మాత్రము రెండింతలే నిలిపినది. శిక్ష తగ్గుట సంతోషమే. కాని ట్యాగు పనిచేయకుండుట యెవరి నేరము?

ఈ ట్యాగులో బ్యాటరీ లేదు. పలుచని లోహపు యాంటెన్నా, దాని కతికిన చిన్న చిప్పు, ఇంతియే. గేటు మీది రీడరు పంపు రేడియో తరంగముచే మేల్కొని అది తన సంఖ్యను పలుకును. ఆ యతుకు బలహీనమైనచో, మన యోరుగంటి వైశాఖపు టెండలో కారు అద్దము మీద నెన్నాళ్లు నిలుచును? ఈ లోపము కంటికి కనబడదు, కొనువాడు పరీక్షింపజాలడు. అందులకే ఐ.యస్.ఓ. 18000-6సి యను అంతర్జాతీయ ప్రమాణమును, పరీక్షలును, ధ్రువపత్రములును ఏర్పడినవి.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునందురు. ఆ సామెత ఒక్క కుండకు చెల్లును గాని, ఏడాది పొడుగున వండు కుండలన్నిటికిని చెల్లదు. మాదిరికిచ్చిన పత్రము లక్షల ట్యాగులకు జామీను కానేరదు.

ఎనుమాముల మార్కెట్టునకు పోయి చూడుడు. మిరప బస్తాలు తూచు కాటాకు ప్రభుత్వ ముద్ర యుండవలెను. ఆ ముద్రనైనను గడువు తీరినంతనే మరల పరీక్షించి వేయవలసినదే. 2009 నాటి తూనికలు కొలతల చట్టము ముద్ర లేని కాటా వాడినవానిని దండించును గాని, మిర్చి తెచ్చిన రైతును కాదు. ఫాస్టాగు విషయమున న్యాయము తలక్రిందులైనది. గేటు యంత్రము చెడినప్పుడు, ట్యాగు సరిగానుండి ఖాతాలో సొమ్మున్న వాహనమును ఉచితముగ విడువవలెనని 2018 మే 7 నాటి ప్రకటన చెప్పుచున్నది. మేలే. అయితే ట్యాగు సరిగానున్నదని తేల్చువాడెవడు? చదువలేకపోయిన రీడరే! సాక్షియు న్యాయాధిపతియు నొక్కరేయైన దావాను, కోర్టు మెట్లెక్కి దిగుచు ఇరువదేండ్లు గడపిన మేము ఎన్నడును చూచి యెరుగము. వెనుక హారన్లు మ్రోగుచుండ వాదించుట కెవరికి తీరిక? చెల్లించి పోవుదురు.

ట్యాగును అద్దమున కంటింపక చేతబట్టి చూపువారి పక్షమున మేము మాటాడుట లేదు. వారి తప్పు వారిదే. తక్కినవారి కొరకు కోరుచున్నాము. ప్రతి ట్యాగు మీదను తయారీదారుని పేరు, ధ్రువపత్ర సంఖ్య, తయారైన నెల ముద్రింపబడవలెను. బజారులోని ట్యాగులను ఏటేట కొని పరీక్షించి, ఫలితములను పేర్లతో ప్రకటింపవలెను. 1959లో వెలసిన మన సాంకేతిక విద్యాలయము ఊరిలోనే యుండగా పరీక్షకు దూరము పోనేల? ఖాతాలో సొమ్ముండియు ట్యాగు పలుకనప్పుడు మామూలు రుసుమే పుచ్చుకొని, మిగిలినది ట్యాగు జారీ చేసిన బ్యాంకు నుండి రాబట్టవలెను. బ్యాంకు తనకు ట్యాగులమ్మినవానిని పట్టుకొనును. ఆ త్రోవ దానికి తెలియును.