లెన్సు ఎంత పొడుగుండాలి?

బోనస్ పడ్డ వారం నాకు ఫోన్లు ఎక్కువొస్తాయి. మొన్న బెంగుళూరు నుంచి మా పిన్ని కొడుకు. "అన్నయ్యా, 400 సరిపోద్దా, 600 తీసేసుకోనా?" అంటాడు. రివ్యూలన్నీ చదివి ఎక్సెల్ షీటు కట్టాట్ట. షార్ప్‌నెస్, బరువు, ధర, అన్నిటికీ కాలమ్స్ ఉన్నాయి. "బానే ఉందిరా, నువ్వెక్కడ నిలబడి తీస్తావు? పిట్ట ఎంత దూరంలో ఉంటుంది?" అన్నాను. ఆ కాలమ్ లేదు!

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఈ జబ్బు మామూలే. రిక్వైర్‌మెంట్ రాసుకోకముందే సర్వర్ కొనేస్తాం. నేనూ అలా కొన్నవాణ్ణే కాబట్టి కాస్త ధైర్యంగా చెప్తున్నా.

2018 సంక్రాంతికి నిడదవోలు వెళ్తూ కొత్తగా కొన్న 150-600 జూమ్ ఒక్కటే బ్యాగులో పెట్టుకున్నా. దాని బరువే దాదాపు రెండు కిలోలు. ఇంకోటి మోసే ఓపిక లేక కిట్ లెన్సు హైదరాబాదులోనే వదిలేశా. కనుమ మర్నాడు పొద్దున్నే భీమవరం మీదుగా పోయే రైలెక్కి కైకలూరులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆటపాక వెళ్ళా. కొల్లేటి అంచున పక్షుల కేంద్రం అది. నీళ్ళలో అటవీశాఖ వాళ్ళు పెట్టిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. బోటులో తిప్పి చూపిస్తారు.

తిరిగొచ్చాక లాప్‌టాప్‌లో ఎక్సిఫ్ వివరాలు తిరగేస్తే నవ్వొచ్చింది. 600 కోసం అన్ని డబ్బులు పోస్తే, బోటులో తీసిన ఫోటోల్లో చాలావరకు 150కీ 250కీ మధ్యలోనే ఉన్నాయి.

ఎందుకో చిన్న లెక్క. సెన్సరు వెడల్పుని దూరంతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. నా కెమెరాది ఏపీఎస్-సీ సెన్సరు, వెడల్పు సుమారు 22 ఎంఎం. పక్షి 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 250 దగ్గర 22×20÷250, అంటే 1.76 మీటర్లు. గూడబాతు ముక్కు చివర్నుంచి తోక దాకా మీటరున్నరకి కాస్త అటూ ఇటూ. ఫ్రేము నిండిపోయింది. అదే 600 దగ్గరైతే పడేది 73 సెంటీమీటర్లే, అంటే సగం బాతు! ఇక రెక్కలు విప్పిందంటే రెండు మీటర్లు దాటుతుంది. జూమ్‌ని 150కి లాగితే తప్ప పట్టదు.

మరి లకుముకిపిట్టో? మా కాలువ గట్టున కరెంటు తీగ మీద కూర్చునే తెల్లరొమ్ము లకుముకి పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. అదే 20 మీటర్లలో 250తో తీస్తే ఫ్రేములో ఆరో వంతు, 600తో తీస్తే మూడో వంతు పైన. దీనికి మాత్రం పొడుగు లెన్సు ఉండాల్సిందే.

కాబట్టి నా ఉద్దేశంలో 'వైల్డ్‌లైఫ్ లెన్సు' అని ఒకటి లేదు. గూడబాతు లెన్సు వేరు, లకుముకి లెన్సు వేరు. మొదటిదానికి 55-250 రకం చాలు, నాలుగొందల గ్రాముల లోపే ఉంటుంది. మధ్యస్తంగా కావాలంటే కెనాన్ 2021లో తెచ్చిన ఆర్ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములు. చివర్లో దాని అపెర్చర్ ఎఫ్/8, చీకటి అడవిలో కష్టమే గానీ మన శీతాకాలపు ఎండలో బోటు మీద ఢోకా లేదు. సోనీ 200-600, నికాన్ 180-600 లాంటివి రెండు కిలోల చుట్టూ తూగుతాయి. పొద్దున్న ఆరింటికి అవి రెండు కిలోలే, పదింటికి మాత్రం ఐదు కిలోలు. పైగా ఆ వేళకి నీటి మీద ఎండావిరి లేచి దూరంగా ఉన్న పిట్ట వణికిపోతూ కనిపిస్తుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు.

"చిన్న లెన్సుంటే ఇంకాస్త దగ్గరికెళ్ళి తీసుకోవచ్చుగా?" అంటారేమో. ఇక్కడే నేను ఒప్పుకోను. నిజానికి ఆ రోజు 600 చేతిలో పెట్టుకుని కూడా, పిల్లలున్న ఒక గూడు చూసి "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని అడిగింది నేనే. బోటతను తల అడ్డంగా ఊపాడు. "వద్దండి. పెద్దవి లేచిపోతే పిల్లల్ని కాకులు పొడిచేస్తాయండి. అంత పెద్ద గొట్టం తెచ్చుకున్నారుగా, దాంతో తీసుకోండి" అన్నాడు. మొహం చెల్లలేదనుకోండి.

ఏ రివ్యూలోనూ దొరకని మాట అది. పొడుగు లెన్సు కొనేది పిట్ట దగ్గరికి పోవడానికి కాదు, దూరంగా ఉండిపోవడానికి. 1972 నాటి వన్యప్రాణి చట్టం 'వేట' అన్న మాటలో అడవి పక్షుల గూళ్ళని కదిలించడాన్ని కూడా చేర్చింది. అంటే లెన్సు చాలక గూటి మీదికి పోయినవాడు చేతిలో తుపాకీ లేకపోయినా వేటగాడే. లెన్సు చిన్నదైతే పిట్టని చిన్నగానే తీయండి. చుట్టూ నీళ్ళు, తూటికాడ, పొగమంచు, మధ్యలో ఒక్క కొంగ. అది కొల్లేరని చూడగానే తెలుస్తుంది. ఫ్రేము నిండా ముక్కే ఉంటే అది జూలో తీశారో ఇక్కడ తీశారో ఎవడికి తెలుసు?

ఇక ప్రయాణాల సంగతి. పాపికొండల లాంచీలో గానీ, పండగ పూట మన వీధుల్లో గానీ వెనక్కి జరగడానికి చోటుండదు. ఆటపాక నుంచి వచ్చిన సాయంత్రం మా నాయనమ్మ వాళ్ళ పెంకుటిల్లు ఫోటో తీద్దామనుకున్నా. ఎదురింటి గోడకి వీపు ఆనించినా దూరం ఆరు మీటర్లే. పై లెక్కే వెయ్యండి, 150 దగ్గర 88 సెంటీమీటర్లు. గుమ్మం పట్టింది, ఇల్లు పట్టలేదు. వదిలేసి వచ్చిన కిట్ లెన్సుతో అయితే, 18 ఎంఎం దగ్గర ఏడు మీటర్ల పైన పడేది. అరుగు, స్తంభాలు, వాకిట్లో ముగ్గు అన్నీ వచ్చేవి. ఫోను లేదా అంటారా? ఉంది. మెళ్ళో అంత గొట్టం వేలాడుతున్నవాడికి ఫోను తియ్యడం నామోషీ. వచ్చే పండక్కి తీద్దాంలే అనుకున్నా.

ఆ వేసవిలోనే ఇల్లు పడగొట్టి డాబా వేశారు. ఇప్పుడు ఆ ఇంటికి నా దగ్గరున్న గుర్తల్లా చూరు కింద దూలం మీద కూర్చున్న పిచ్చుక. 600 దగ్గర తీసింది. ఈక ఈకా లెక్కపెట్టొచ్చు.

మావాడికి చెప్పింది ఇదే. ముందు నీ పాత ఫోటోల ఎక్సిఫ్ చూసుకో, అన్నీ 55 దగ్గరే ఆగిపోయి ఉంటే అప్పుడు పొడుగు గురించి ఆలోచించు. ఏడాదికి రెండుసార్లు వాడేదాన్ని కొనొద్దు, బెంగుళూరులో అద్దెకి దొరుకుతాయి. బీరువాలో పడుంటే మన గోదారి చెమ్మకి లోపల బూజు పడుతుంది. ఏది తెచ్చుకున్నా కిట్ లెన్సు మాత్రం బ్యాగులోంచి తియ్యకు.

అంతా విని "సరే అన్నయ్యా, అయితే 600 ఖాయం చేసేస్తున్నా" అన్నాడు. కానివ్వండి. నా మాట ఎలాగూ వినడు, బోటతని మాటైనా వింటాడేమో.