ఉత్త బురదే కదా!

మొన్నామధ్య మా బాబాయి సింగపూరు వచ్చారు. అప్పర్ సెలెటార్ రిజర్వాయరు చుట్టూ ఉన్న అడవి చూపిస్తే, "గజం లక్షలు పలికే దేశంలో ఇంత భూమి ఖాళీగా వదిలేశారేవిట్రా? పిచ్చాళ్ళా?" అన్నారు.

ఖాళీ కాదు బాబాయ్! ఆ రిజర్వు అడవిలోనే నీసూన్ ఉంది. ఈ దేశంలో మిగిలిన ఆఖరి పెద్ద మంచినీటి చిత్తడి అడవి. కురిసిన వానని ఆ బురదా వేళ్ళూ పట్టి ఉంచి, మెల్లగా వాగుల్లోకి వదుల్తాయి. మన్ను అక్కడే దిగిపోతుంది. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే అదొక బఫర్. దాన్ని తీసేస్తే వానొస్తే వరద, రాకపోతే కరువు.

సింగపూరు వాళ్ళేదో పుణ్యాత్ములని కాదు. తమ చిత్తడి నేలల్లో చాలా భాగం వాళ్ళూ పూడ్చేసుకున్నారు. కానీ 1963-64లో నెలల తరబడి నీళ్ళ రేషన్ చూశారు. జొహోర్ నుంచి నీళ్ళు తెచ్చుకునే 1962 నాటి ఒప్పందం 2061లో ముగుస్తుంది. దాహం తెలుసు గనకే బురద విలువ తెలిసింది.

మరి మనకి? మాది కైకలూరు పక్క పల్లె. కొల్లేటిని 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. కొల్లేట్లో మంచినీరు తగ్గితే ఉప్పుటేరు వెంట సముద్రం పైకొస్తుంది. బుడమేరు చేరాల్సిందీ ఆ కొల్లేటికే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది. గండ్లు పడ్డాయి, నిజమే. కానీ ఏటికి దారీ ఇరుకు చేసి, చివరనున్న సరస్సునీ ఇరుకు చేసి, తప్పంతా వాన మీద తోస్తే ఎలా?

"చెరువులు తీసేస్తే జనం ఏం తినాలి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కౌలుకిచ్చిన చిన్న రైతుకీ, వలేసే వాడికీ ముందు బతుకుదెరువు చూపించాలి. వందల ఎకరాలకి గట్లేసిన పెద్దలకి మాత్రం ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు.

నాకూ లేదేమో. నా మాస్టర్స్ ఫీజు కట్టింది మా చెరువు కౌలు డబ్బే. ఇవాళ నేను ఇక్కడ కుళాయి తిప్పి నేరుగా నీళ్ళు తాగుతున్నాను. నాన్న అక్కడ, చుట్టూ నీళ్ళే ఉన్న ఊళ్ళో, రోజూ నీళ్ళ టిన్ను కొనుక్కుంటున్నారు.

ఇప్పుడు చెప్పండి బాబాయ్, పిచ్చాళ్ళెవరు?