చెక్క మీద ఇత్తడి కుట్టు

చీర అంచు మీద కుట్టు వంకర పోయిందనుకోండి. ఏముందీ... దారం విప్పేసి మళ్లీ కుట్టుకోవచ్చు. అదే కుట్టు చెక్క మీద వేయాల్సి వస్తే? దారానికి బదులు ఇత్తడి తీగ, సూదికి బదులు ఉలి, సుత్తి! ఒక్క గాటు పక్కకు పోయిందంటే ఇక విప్పడానికేమీ ఉండదు. ఆ మచ్చ చెక్క ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రాకు తూర్పున ఉన్న మైన్‌పురిలో తరతరాలుగా సాగుతున్న పని ఇది. పేరు తార్‌కశీ. తార్ అంటే తీగ. తీగ పని మనకు కొత్తేం కాదు. కరీంనగర్ కళాకారులు వెండి తీగను మెలితిప్పి పళ్లేలూ పెట్టెలూ అల్లేస్తారు. అక్కడ తీగే వస్తువు. మైన్‌పురిలో మాత్రం తీగ చెక్కలోకి దిగిపోయి, మెరిసే గీతగా మిగులుతుంది. నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

పావుకోళ్లతో మొదలు
పూజలకూ వ్రతాలకూ తోలు చెప్పులు పనికిరావన్న పట్టింపు ఉన్న రోజుల్లో చెక్క పావుకోళ్లకు మంచి గిరాకీ ఉండేది. వాటి మీద లతలూ పూలూ ఇత్తడి తీగతో పొదిగేవారు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ పనిచేసిన గ్రౌజ్ అనే ఆంగ్లేయ అధికారికి ఈ పనితనం తెగ నచ్చింది. తులసీదాస్ రామాయణాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించింది కూడా ఆయనే. తార్‌కశీ గురించి ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. కాలక్రమంలో పావుకోళ్లు అటకెక్కాయి. అదే పనితనం నగల పెట్టెలకూ పళ్లేలకూ గోడకు తగిలించే పలకలకూ మారింది.

గాడిలోనే ఉంది కిటుకు
కొండపల్లి బొమ్మకు పొణికి కర్ర, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర ఎలాగో తార్‌కశీకి షీషం అలాగ. పొణికి తేలిక, మెత్తన. బొమ్మ చెక్కడానికి అది హాయి. తీగను బిగించి పట్టుకోవాలంటే మాత్రం గట్టి చెక్క కావాలి. అదీ బాగా ఎండి ఉండాలి. పచ్చి చెక్క ఎండేకొద్దీ కదులుతుంది, తీగ పైకి లేస్తుంది.

ముందు కాగితం మీద గీసిన బొమ్మను చెక్క మీదికి దించుతారు. ఆ గీతల వెంట సన్నటి ఉలితో గాడి కొడతారు. పలుచటి ఇత్తడి రేకు నుంచి కత్తిరించిన సన్నని పట్టీని అంచు మీద నిలబెట్టి, గాడిలో పెట్టి సుత్తితో మెల్లగా దిగగొడతారు. గాడి వెడల్పయితే తీగ నిలవదు. మరీ ఇరుకైతే వంగిపోతుంది. పూల మధ్య కనిపించే చుక్కల కోసం తీగను చిన్న చుట్టగా చుట్టి, దాన్ని చెక్కలోకి దింపుతారు. చివరగా ఆకురాయితో, గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టిస్తే ముదురు చెక్క మీద బంగారు రంగు లతలు బయటపడతాయి.

నేర్చుకునేవారికి ఉలి పట్టడం కన్నా ముందు చెక్కను చదవడం రావాలి. దాని చార ఎటు పోతోందో చూడకుండా కొడితే ఉలి జారుతుంది, చెక్క చీలుతుంది. తిన్నటి గీత కుదిరాకే వంపు, వంపు కుదిరాకే చుట్ట. ఇదంతా పుస్తకం చదివి వచ్చేది కాదు. సుత్తి ఎంత బలంగా పడాలో పక్కన కూర్చుని చెవితో వినాలి, చేత్తో పట్టుకోవాలి.

పేరు దక్కింది, మరి చేయి?
ఒక జిల్లా-ఒక ఉత్పత్తి పథకంలో మైన్‌పురి తరఫున తార్‌కశీకే చోటు దక్కింది. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంకెవరూ ఆ పేరు పెట్టి వేరే సరుకు అమ్ముకోకుండా ఇది కాపాడుతుంది. పేరును కాపాడుతుంది సరే... చేతిని ఎవరు కాపాడతారు? ఈ పని వచ్చినవారు నేడు కొద్దిమందే. చిన్న పెట్టెకైనా గంటలకొద్దీ వంగి కూర్చోవాలి. కొనేవారు దాన్ని బజారులోని అచ్చు బొమ్మతో పోల్చి బేరమాడితే, తండ్రి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన కొడుకు వేరే కొలువు వెతుక్కుంటాడు. తప్పు అతనిది కాదు కదా!

కాబట్టి హస్తకళల ప్రదర్శనలో ఎప్పుడైనా తార్‌కశీ పెట్టె కనిపిస్తే ధర అడిగేముందు దాని మీద వేలు పెట్టి చూడండి. తీగ ఎక్కడా గుచ్చుకోకూడదు, గోటితో లాగినా లేవకూడదు. చెక్కా లోహమూ ఒక్కటే అన్నట్టు నున్నగా జారిపోవాలి. ఇంటికి తెచ్చుకుంటే నీళ్లు తగలనీయకుండా పొడిబట్టతో తుడిస్తే చాలు. అన్నట్టు, దుకాణం వెనకాల కూర్చున్నాయన పక్కన ఓ కుర్రాడు కూడా ఉలి పట్టుకుని కనిపిస్తే... ఆ రోజు బేరం కాస్త తగ్గించండి.