ఆనర్స్ డిగ్రీ: ఎవరికి గౌరవం? ఎవరికి నిష్క్రమణ?

ఉన్నత విద్య గురించి పాలకులు కొత్తగా ఒక మాట నేర్చుకున్నారు. అది 'నిష్క్రమణ అవకాశం'. ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకి మానేస్తే డిప్లొమా, మూడేళ్ళకి డిగ్రీ, నాలుగేళ్ళూ నిలబడితే ఆనర్స్. 2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానం ఈ నిచ్చెనను ప్రకటించింది. 2022 డిసెంబర్‌లో యూజీసీ దానికి క్రెడిట్ల లెక్క కట్టింది: 40, 80, 120, 160. మధ్యలో మానేసినవాళ్ళు కూడా ఉత్త చేతులతో పోరు కదా, ఇందులో తప్పేముంది అని అడుగుతారు. తప్పు నిచ్చెనలో లేదు. ఏ మెట్టు దగ్గర ఎవరు దిగిపోతారు, ఎందుకు దిగిపోతారు అన్న ప్రశ్న ఆ క్రెడిట్ల పట్టికలో లేకపోవడంలో ఉంది. ఆ ప్రశ్న స్త్రీలుగా మనమే వేయాలి. అది కూడా రాజధానిలో నిలబడి కాదు, ఖమ్మం అడవి అంచున, భద్రాచలంలో నిలబడి వేయాలి.

భద్రాచలమే ఎందుకంటే, రెండు రాష్ట్రాల చదువులు అక్కడ ఒకదాన్నొకటి రాసుకుంటూ నడుస్తున్నాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగిలినదంతా, బూర్గంపాడులో కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాముడి గుడి ఉన్న పట్టణం తెలంగాణలో మిగిలింది. పట్టణం దాటితే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. ఒక ఆనకట్ట కోసం గీసిన గీత కోయ, కొండరెడ్డి గూడేల పిల్లల చదువును కూడా రెండు ముక్కలు చేసింది. భద్రాచలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వరంగల్లులోని కాకతీయ యూనివర్సిటీ కిందకి వస్తుంది. చింతూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ యూనివర్సిటీ కిందకి వస్తుంది. ఇటు కొన్ని ఎంపిక చేసిన ఆనర్స్ కోర్సులు మినహా సాధారణ డిగ్రీ మూడేళ్ళే. అటు 2020-21 నుంచి నాలుగేళ్ళ ఆనర్స్ చట్రం, పది నెలల ఇంటర్న్‌షిప్ వచ్చాయి. 2023-24లో సింగిల్ మేజర్ విధానం కూడా వచ్చి చేరింది. పైగా ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఎటపాకలో చదువుకున్న పిల్ల కూతవేటు దూరంలో ఉన్న భద్రాచలంలో ఇప్పుడు స్థానికేతరురాలు. ఏ డిగ్రీ మేలైనది అన్నది వేరే చర్చ. ఏది చదవాలో ఆ పిల్ల నిర్ణయించుకోవడం లేదు, సరిహద్దు రాయి నిర్ణయిస్తోంది. మన అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

ఇక ఆనర్స్ నిబంధనల్లోకి పోదాం. నాలుగో ఏడాదికి రెండు దారులున్నాయి. ఒకటి మామూలు ఆనర్స్, రెండోది 'పరిశోధనతో కూడిన ఆనర్స్'. రెండో దారిలో అడుగు పెట్టాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు రావాలి. ఆ కోర్సు నడపాలంటే ఆ విభాగంలో పీహెచ్‌డీ గైడ్‌లుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలి. కాంట్రాక్టు లెక్చరర్లతో, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే ఏజెన్సీ కాలేజీల్లో ఈ నిబంధనకు అర్థం ఒక్కటే: ఆ తలుపు అక్కడ తెరుచుకోదు. 75 శాతం తెచ్చుకున్న పిల్ల సైతం నాలుగో ఏడాది కోసం రాజమహేంద్రవరమో విశాఖపట్నమో పోవాలి. కొడుకునైతే అప్పు చేసి పంపిస్తారు. కూతురి విషయానికొచ్చేసరికి హాస్టల్ ఉందా, ఎవరు తోడు, పెళ్ళి ఎప్పుడు అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. నిబంధనలో ఆడ, మగ అన్న మాటే లేదు, నిజమే. అది అమలయ్యే ఇంట్లో మాత్రం ఉంది.

ఆ 75 శాతం ఏ భాషలో తెచ్చుకోవాలి? ఇంట్లో కోయ భాష. బడిలో తెలుగు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియమే చేశారు. మూడో భాషలో పరీక్ష రాసే పిల్లనూ, మూడు తరాలుగా ఇంగ్లీషు చదివిన ఇంటి పిల్లనూ ఒకే కొలబద్దతో కొలిచి దానికి 'ప్రతిభ' అని పేరు పెట్టడం మనకు కొత్త కాదు. పీహెచ్‌డీ ప్రవేశ నిబంధనల్లో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. దానికంటే ముందు దాటాల్సిన ఈ గేటు దగ్గర, 2022 నాటి చట్రంలో, ఆ సడలింపు మాట లేదు. పై అంతస్తులో కుర్చీ వేసి కింద మెట్లు తీసేయడమంటే ఇదే.

హాజరు కూడా 75 శాతమే అడుగుతారు. గోదావరి మాత్రం ఏ నిబంధన మాటా వినదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. కూనవరం, వరరామచంద్రపురం వైపు ఊళ్ళకు వరద వచ్చిందంటే రోడ్లు మునుగుతాయి, సామాన్లు గుట్టకెక్కుతాయి. ఆ సామాను మోసేదీ, నీళ్ళు తీశాక ఇల్లు కడిగేదీ ఎవరు? ఎండాకాలం ముందు మిరప తోటల్లో కాయ ఏరే పని, ఆ తర్వాత ఇప్పపువ్వు, ఆ పైన తునికాకు. అడవి అంచు కుటుంబానికి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. తల్లి కూలికి పోతే చంటిపిల్లల్ని చూసుకోవడానికి కాలేజీ మానేది పెద్దకూతురే. ఆమె చేసే ఈ పనికి ఏ యూనివర్సిటీలోనూ ఒక్క క్రెడిట్ లేదు. ఈ పని వల్ల పోయిన హాజరు మాత్రం ఆమె ఖాతాలోనే పడుతుంది.

'మానేసినా మళ్ళీ రావచ్చు కదా' అంటారు. రావచ్చు. మూడేళ్ళలోపు తిరిగి చేరాలి, మొత్తం ఏడేళ్ళలో డిగ్రీ పూర్తి చేయాలి అని షరతు పెట్టారు. ఈ మూడేళ్ళు ఎవరి జీవితం చూసి లెక్క కట్టారు? పందొమ్మిదో ఏట చదువు మానిపించి పెళ్ళి చేసిన పిల్లకు ఆ మూడేళ్ళూ కాన్పుతో, చంటిబిడ్డతో, అత్తింటి చాకిరీతో గడుస్తాయి. ఆమెకు కాస్త తెరిపి దొరికేసరికి తలుపుకి గడియ పడి ఉంటుంది. స్త్రీల జీవితంలో విరామాలు ఉంటాయని యూజీసీకి తెలియదనుకోవడానికి లేదు. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు రెండేళ్ళ అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు ఇస్తూ 2022 నిబంధనల్లో రాసింది తనే. పీహెచ్‌డీ దాకా చేరగలిగిన స్త్రీకి ఇచ్చిన మినహాయింపు, చేరకముందే రాలిపోయే స్త్రీకి ఎందుకివ్వరు? ఎవరికి ఎక్కువ అవసరం?

'ఆనర్స్ ఐచ్ఛికం, ఎవరినీ బలవంతం చేయడం లేదు' అన్నది ఇంకో వాదన. ఎంచుకోవడానికి రెండు దారులున్నప్పుడే ఐచ్ఛికం అన్న మాటకు అర్థం ఉంటుంది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత అని 2022లో నిర్ణయించారు. 2024లో నెట్ పరీక్ష తలుపు కూడా వాళ్ళకి తెరిచారు. అంటే నాలుగో ఏడాది అలంకారం కాదు, పరిశోధనకూ అధ్యాపక ఉద్యోగానికీ దగ్గరి దారి. అలాంటి దారిని పట్నపు కాలేజీల్లో వేసి, అడవి అంచు కాలేజీకి 'మీ ఇష్టం' అని చెప్పడం ఇష్టాన్ని గౌరవించడం కాదు.

ఇది జరుగుతున్న కాలాన్ని కూడా గమనించాలి. ఏజెన్సీలో ఆడపిల్ల డిగ్రీ చదివితే ముందుగా కనబడే ఉద్యోగం టీచరుది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు స్త్రీలకు అని 2000 సంవత్సరంలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే కొత్త విద్యా విధానం వచ్చింది. చదువుకు ఒక మెట్టు పెరిగింది. ఆ మెట్లెక్కి అందుకోవాల్సిన ఉద్యోగానికి ఉన్న రక్షణ పోయింది. 'చదివి ఏం చేస్తుంది' అనే తండ్రికి మనం ఏ జవాబు చెప్పాలి?

అయితే ఆనర్స్ మనకొద్దు అని నేను అనడం లేదు. సమాజశాస్త్రం చదువుకున్నదానిగా నాకు ఆ నాలుగో ఏడాదిలోని పరిశోధన ముఖ్యం అనిపిస్తుంది. ఈ అడవుల మీద పరిశోధనకు కొదవ లేదు. కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ పుస్తకం 1945లోనే వచ్చింది. ఆ తర్వాత ఎందరో వచ్చారు, రాశారు, డిగ్రీలు తెచ్చుకున్నారు. కోయ స్త్రీ పరిశోధనకు విషయమైంది గానీ పరిశోధకురాలు కావడం అరుదు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. ఏ గూడెంలో అలా ఉంది, ఏ గూడెంలో లేదు? పోలవరం నిర్వాసిత కుటుంబాల్లో పరిహారం ఎవరి చేతికొచ్చింది? ఒంటరి స్త్రీని కుటుంబంగా లెక్క వేశారా? ఈ ప్రశ్నలు అడగడానికి ఆ ఊరి ఆడపిల్లకంటే అర్హులెవరు? ఆనర్స్ అన్న మాటకు గౌరవం అని అర్థమైతే, ఆ గౌరవం ఈ పనికి దక్కాలి.

అందుకని మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. చదువు ఆపిన స్త్రీలు తిరిగి చేరడానికి మూడేళ్ళ గడువు తీసేయాలి. కనీసం పీహెచ్‌డీలో ఇచ్చినట్టు రెండేళ్ళు పెంచాలి. పరిశోధన ఆనర్స్ గేటు దగ్గర ఎస్టీ, ఎస్సీ విద్యార్థులకు సడలింపు రాయాలి. ఏజెన్సీ కాలేజీల్లో శాశ్వత పోస్టులు నింపాలి. అంతవరకూ రెండు యూనివర్సిటీలూ ఒప్పందం చేసుకుని భద్రాచలం, చింతూరు కాలేజీల అధ్యాపకుల్ని కలిపి ఒక విభాగంగా గుర్తించాలి. విలీన మండలాల పిల్లల్ని రెండు రాష్ట్రాల్లోనూ స్థానికులుగా చూడాలి. నాలుగో ఏడాదికి స్కాలర్‌షిప్, బాలికల హాస్టల్ గ్యారంటీ చేయాలి. ఇంటర్న్‌షిప్‌ను ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ, స్థానిక ఆరోగ్య కేంద్రాల్లో భృతి ఇచ్చి ఏర్పాటు చేయాలి. వరద రోజుల్ని హాజరు లెక్క నుంచి మినహాయించాలి.

వీటన్నిటికంటే ముందు ఒక పని జరగాలి. ఏ కాలేజీలో, ఏ ఏడాది చివర, ఎంతమంది 'నిష్క్రమించారు', అందులో స్త్రీలెందరు, ఏ కులం, ఏ తెగ అన్న జాబితా ప్రతి సంవత్సరం బయటపెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, లెక్క కాలేజీ రిజిస్టర్లలోనే ఉంది. ఈ పత్రిక చదువుతున్న మిత్రులు ఎక్కడున్నా తమ ఊరి కాలేజీకి వెళ్ళి ఆ జాబితా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏడాది చదివి సర్టిఫికెట్‌తో ఇంటికి పంపిన ఆడపిల్లను 'తానే వెళ్ళిపోయింది' అని రాసుకునే సౌకర్యం ఎవరికీ ఇవ్వకూడదు.